మన హాలు ఎవరి కోసం?



నొప్పించినా ఒక మాట చెప్పక తప్పదు. 2015లో మొదలైన డబుల్ బెడ్రూం పథకంలో ఇల్లు మొత్తం 560 చదరపు అడుగులే. అందులో హాలు ఎంత? ఆ కాస్త హాల్లోనే కిస్తీల మీద తెచ్చిన సోఫాసెట్, గోడ నిండా షోకేసు, నడుమ టీపాయి. గృహ ప్రార్థన పెట్టుకుందామంటే "జాగ లేదు అయ్యగారూ" అంటున్నాము. జాగ లేక కాదు, మనమే నింపేశాము.

2 రాజులు 4వ అధ్యాయం చూడండి. షూనేమీయురాలు పేదది కాదు, ఘనురాలు. అయినా ఎలీషా కోసం సిద్ధపరచిన చిన్న గదిలో పెట్టినవి నాలుగే: మంచం, బల్ల, పీట, దీపస్తంభం. నాలుగూ వచ్చేవాని అవసరానికే. చూసేవాళ్ల మెప్పుకు ఒక్కటీ లేదు.

ఇల్లు అందంగా ఉంచుకోవడం పాపమా? కానే కాదు. రంగు వేద్దాం, తెరలు కడదాం. కానీ గోడకు "యేసే ఈ ఇంటి యజమాని" అని బోర్డు పెట్టి, ప్రార్థనకొచ్చిన ముసలవ్వను గడప బయట కూర్చోబెడితే ఆ బోర్డు ఎవరికి సాక్ష్యం?

మా హాల్లోనూ పెద్ద సోఫా ఉంది. ఈ వారం ముందు మేమే తీసేస్తున్నాము. పది మందికి చాప పరుస్తాము. మీరూ పరచండి.

ప్రభువు మన గృహాలను దీవించును గాక. ఆమేన్.