కార్డు చూపి చేతులు దులుపుకుంటారా?

ఆరోగ్యశ్రీ పరిమితిని అయిదు లక్షల నుంచి పది లక్షలకు పెంచాం, పేదల వైద్యానికి ఇక ఢోకా లేదు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ సర్కారుది ఇదే పాట. 2025 సెప్టెంబరులో బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసినా పల్లవి మారలేదు.

ఎవరికి ఢోకా లేదు? మేడ్చల్ పారిశ్రామికవాడలో, శామీర్‌పేట చుట్టూ లేస్తున్న కట్టడాల దగ్గర కూలి చేసుకునే మనిషికి షుగరు వచ్చిందనుకోండి. ఆసుపత్రిలో చేరేంత జబ్బయితేనే ఆరోగ్యశ్రీ కార్డు పలుకుతుంది. మందుల షాపులో నెలనెలా కొనే మాత్రలకు, రక్తపరీక్షకు, డాక్టరు ఫీజుకు అది చెల్లదు. పీహెచ్‌సీకి పోదామంటే ఓపీ నడిచేది అతడి పనివేళల్లోనే. పోతే ఆ రోజు కూలి గల్లంతు. బీపీ, షుగరు కిట్లు ఇస్తున్నాం కదా అంటారు. మంచిదే. కానీ పగటిపూట గడపగడపకూ తిరిగే ఆశ కార్యకర్తకు ఫ్యాక్టరీలో ఉన్న మనిషి ఎలా దొరుకుతాడు? అతడు మాత్ర మానేస్తాడు. కొన్నేళ్లకు కిడ్నీలు పాడైతే, అప్పుడు డయాలసిస్‌కు మాత్రం కార్డు నిక్షేపంగా పనిచేస్తుంది! జబ్బు ముదిరేదాకా ఊరుకుని, ముదిరాక బిల్లు కట్టడాన్ని ఆరోగ్య భరోసా అనడం పచ్చి మోసం. పరిమితి యాభై లక్షలు చేసినా ఈ మనిషి కిడ్నీ నిలవదు. బిహార్, ఒడిశా నుంచి వచ్చి అతడి పక్కనే పనిచేస్తున్నవాడికి ఇక్కడి రేషన్ కార్డు లేదు కనుక ఆ డయాలసిస్ భాగ్యమూ ఆరోగ్యశ్రీ ఇవ్వదు.

ఆరోగ్యశ్రీ కింద జరిగిన గుండె ఆపరేషన్లు, క్యాన్సర్ చికిత్సలు ఎన్నో కుటుంబాలను అప్పుల ఊబిలో పడకుండా కాచాయన్నది నిజం. ప్రతిపక్షం చెప్పుకొనేదీ పెద్దాసుపత్రి గురించే: అల్వాల్‌లో టిమ్స్ ఆసుపత్రికి పునాది వేసింది తామేనని బీఆర్‌ఎస్ అంటుంది. వేసింది 2022 ఏప్రిల్‌లో, అధికారానికొచ్చిన ఎనిమిదో ఏట.

కొవాగ్జిన్ తయారైన జీనోమ్ వ్యాలీ ఈ శామీర్‌పేట పక్కనే ఉంది. దేశదేశాలకు టీకాలు పంపే చోట కూలి మనిషికి పొద్దుగూకాక బీపీ చూసే దిక్కు లేకపోవడం నిధుల కొరత కాదు, పట్టనితనం.

ఆరోగ్య నిధుల్లో కనీసం మూడింట రెండొంతులు ప్రాథమిక వైద్యానికే పోవాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. మేడ్చల్, శామీర్‌పేట సర్కారు దవాఖానాల్లో సాయంత్రం ఓపీ తెరవాలి. రేషన్ కార్డు అడగకుండా నెలకు సరిపడా మాత్రలు చేతిలో పెట్టాలి. వచ్చే బడ్జెట్‌లో ఆరోగ్యశ్రీ పద్దు పక్కనే ప్రాథమిక వైద్యానికి ఎంత పెడుతున్నారో ఆర్థికమంత్రి విడిగా చూపాలి.