పిట్టల హాజిరీ



ఈ ఏడాది ఫిబ్రవరి 15, ఆదివారం. ఫజ్ర్ చదువుకున్నాక డిచ్‌పల్లిలో మా ఇంటి సహన్‌లో నేను, మా అమ్మాయి కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. తన చేతిలో నోటుబుక్కు, నా చేతిలో ఫోను. పదిహేను నిమిషాల్లో కనిపించిన, వినిపించిన పిట్టలన్నీ రాయాలి. అమ్మీ చాయ్ తెచ్చి పెట్టి, "పిట్టల్ని లెక్కబెట్టి ఏం జేస్తరు బేటా?" అంది.

నేను జవాబు వెతుక్కునేలోపు తనే ఆగి చెవి పెట్టింది. "మునగచెట్టుల షకర్‌ఖోరా అరుస్తుంది, రాసిన్రా?" మేం రాయలేదు. షకర్‌ఖోరా అంటే తేనెపిట్ట. బొటనవేలంత పిట్ట. కొమ్మలన్నీ వెతికితే గానీ మాకు కనిపించలేదు. అమ్మీకి వంటింట్లో నుంచే తెలుసు. ఆ పదిహేను నిమిషాల్లో మా లిస్టు ఇది: కాకులు ఆరు, గోరింకలు నాలుగు, ఫాఖ్తాలు రెండు, బుల్‌బుల్‌లు రెండు, గోల చేసుకుంటూ వచ్చిన సాత్ భాయిలు ఏడు, షకర్‌ఖోరా ఒకటి. పిచ్చుక ఒక్కటీ లేదు.

దీని పేరు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్. ఏటా ఫిబ్రవరి నడుమ నాలుగు రోజులు జరుగుతుంది. 1998లో అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ పక్షుల పరిశోధన సంస్థ, ఆడుబాన్ సొసైటీ కలిసి మొదలుపెట్టాయి. 2013 నుంచి ప్రపంచమంతా పాల్గొంటోంది, మన దేశం కూడా అప్పుడే చేరింది. ఇక్కడ బర్డ్ కౌంట్ ఇండియా అనే బృందం దీన్ని నడిపిస్తుంది. ఫీజు లేదు, పరీక్ష లేదు. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట చూసి, ఏ పిట్టలు ఎన్ని ఉన్నాయో ఈబర్డ్ అనే యాప్‌లో పెట్టాలి. అంతే.

అమ్మీ సవాల్‌కు జవాబు నాకు ఖురాన్‌లోనే దొరికింది. సూరా నమల్‌లో సులైమాన్ అలైహిస్సలామ్ పిట్టల హాజిరీ తీసుకుంటారు. హుద్‌హుద్ కనిపించడం లేదేమని అడుగుతారు. అది తర్వాత సబా రాణి ఖబర్ తీసుకుని వస్తుంది. ఈ ఖిస్సా మనందరికీ చిన్నప్పటి నుంచీ తెలుసు. హుద్‌హుద్ తెచ్చిన ఖబర్ గుర్తుంటుంది, ముందు జరిగిన హాజిరీ సంగతి మర్చిపోతాం. అంత లష్కర్‌లో ఒక చిన్న పిట్ట లేదని ఆయనకు తెలిసిందంటే, ఆయన చూశారు కాబట్టే.

ఈ గిన్తీ కూడా అంతే. యాప్‌లో చివరికి ఒక ప్రశ్న ఉంటుంది: మీరు గుర్తుపట్టిన పిట్టలన్నీ రాశారా? చాలామంది కాకిని, గోరింకను "ఇవేం రాస్తాంలే" అని వదిలేసి, రంగురంగుల పిట్ట ఒక్కటే రాస్తారు. అలా చేయొద్దు. అన్నీ రాసిన లిస్టులో లేని పిట్ట కూడా ఒక ఖబరే. మా లిస్టులో పిచ్చుక లేకపోవడం అలాంటిదే. ఒక్క ఇంటి లిస్టుతో ఏమీ తేలదు. వేల ఇళ్ల నుంచి, ఏటేటా వస్తేనే తేలుతుంది.

పిచ్చుక మాట వచ్చింది కాబట్టి చెబుతాను. "సెల్ టవర్లు వచ్చి పిచ్చుకలు ఖతం అయినయ్" అని దావత్‌లో కూర్చున్న ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. నేనూ పేపర్‌లో అలాగే రాశాను ఒకప్పుడు. ఇలా మామూలు జనం ఈబర్డ్‌లో పెట్టిన లిస్టుల ఆధారంగా 2020లో దేశ పక్షుల స్థితి మీద ఒక నివేదిక వచ్చింది. దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగానే ఉందని, ఆరు మహానగరాల్లో మాత్రం తగ్గిందని అందులో తేలింది. మన అందాజా ఒకటి, లెక్క ఇంకొకటి. మరి పాలపిట్ట? మన తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా నాడు మన హిందూ దోస్తులు దాన్ని చూడటానికి ఊరి బయటికి పోతారు. దాని గురించి ఎవరూ బాధపడలేదు. కానీ 2023 నివేదిక అది వేగంగా తగ్గిపోతోందని, ప్రపంచ స్థాయిలో దాని పరిస్థితిని మళ్లీ పరిశీలించాలని చెప్పింది. లెక్క లేకుంటే మనం ఒకదాని కోసం ఏడుస్తూ ఇంకొకదాన్ని పోగొట్టుకునేవాళ్లం.

ఇది మనకు పరాయి పని అనుకునేవాళ్లకు సలీం అలీ సాహెబ్‌ను గుర్తు చేస్తాను. 1896లో బొంబాయిలో ఒక బోహ్రా ఖాందాన్‌లో పుట్టారు. చిన్నతనంలో ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. దీన్ని తినడం జాయెజా కాదా అని షక్ వచ్చి మామూ దగ్గరికి తీసుకుపోయారు. మామూ బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. ఆయన ఇల్మ్ అక్కడ మొదలైంది. అదే సలీం అలీ 1931–32లో మన హైదరాబాద్ రియాసత్ పిట్టల సర్వే చేశారు. నిజామాబాద్ అప్పుడు ఆ రియాసత్‌లో ఒక జిల్లా.

అయినా మన ఇళ్లల్లో గిన్తీ అనే మాట వింటే కొందరికి గుండె దడ. ఎవరో వస్తారు, కాగజాత్ అడుగుతారు, పేరులో ఒక అక్షరం తేడా ఉందంటారు. ఆ భయం ఊరికే రాలేదు. అమ్మీ భయం కూడా ఆ సాయంత్రం బయటపడింది. అమ్మాయిని చెరువు గట్టుకు తీసుకుపోతానంటే, "దూర్బీన్ మెడల ఏసుకోకు బేటా, ఎవలన్న ఏమన్న అనుకుంటరు" అంది. ఇరవై ఏళ్లుగా పత్రికల్లో పనిచేస్తున్న నాకు, ఆ మాట తప్పని చెప్పడానికి నోరు రాలేదు. దూర్బీన్ ఇంట్లోనే పెట్టి పోయాం. గట్టు మీద చేపలు పట్టే ఇద్దరు కనిపిస్తే, ముందు సలాం చేసి, వచ్చిన పని చెప్పాం. నీటికాకులు ఏ చెట్టు మీద వాలతాయో, లకుముకి పిట్ట ఎక్కడ కూర్చుంటుందో వాళ్లే చూపించారు. మర్నాడు దూర్బీన్ కూడా పట్టుకుపోయాం. వాళ్లే ముందుగా అడిగి తీసుకుని చూశారు.

అందరికీ అంత తేలిగ్గా జరుగుతుందని నేను అనను. కానీ భయపడి మనమే గైర్‌హాజరైతే, మన ఊరి చెరువు మీద, మన చెట్ల మీద మాట్లాడే హక్కు మెల్లగా జారిపోతుంది. ఈ గిన్తీలో మనల్ని ఎవరూ లెక్కించడం లేదు. కలం మన చేతిలో ఉంది.

ఇంకో ఫాయిదా ఏమిటంటే గడప దాటాల్సిన పని కూడా లేదు. సహన్, మిద్దె, వంటింటి కిటికీ చాలు. మన అమ్మీలకు, నానీలకు, భాభీలకు ఈ పిట్టలు మగవాళ్లకంటే బాగా తెలుసు. చదువుకున్న పిల్లలు పక్కన కూర్చుని రాస్తే చాలు. ఒక్క మాట: పంజరంలోని మిట్టూ లెక్కలోకి రాడు. మా అమ్మాయి పక్కింటి మిట్టూను రాయబోతే వద్దన్నాను. రామచిలుకను పంజరంలో పెంచడం 1972 చట్టం ప్రకారం నేరం కూడా. నీళ్ల గిన్నె పెట్టి సదఖా అంటాం, పక్కనే పంజరం వేలాడదీస్తాం. ఇది మనం మనల్నే అడగాల్సిన సవాల్.

వచ్చే ఏడాది, 2027లో, ఫిబ్రవరి నడుమ రంజాన్ ఉంటుంది. సెహ్రీకి ఎట్లాగూ లేస్తాం. ఫజ్ర్ అయ్యాక పిట్టలు లేచే వేళకు మనం మెలకువగానే ఉంటాం. మళ్లీ పడుకునే ముందు పదిహేను నిమిషాలు సహన్‌లో కూర్చోండి. తెలియని పిట్టను రాయొద్దు, తెలిసినదాన్ని వదలొద్దు. మా ఇంట్లో ఈసారి నోటుబుక్కు అమ్మీ పక్కన ఉంటుంది. "మునగచెట్టు నాది, నేనే చెప్త" అని ఇప్పుడే అనేసింది.