మాందర్‌కు 120 గీత గీసిందెవరు?

డిసెంబర్ 18, గురు ఘాసీదాస్ జయంతి రాత్రి నేను ఉర్లాలో ఉన్నాను. రాయపూర్ అంచున, స్పాంజ్ ఐరన్ పొగ కింద బతికే పారిశ్రామికవాడ అది. శ్రీకాకుళం నుంచి వలసపోయిన మా చిన్నాన్న అక్కడ రోలింగ్ మిల్లులో పనిచేస్తాడు. పక్క బస్తీలో తెల్లజెండా ఎగిరే జైత్‌ఖామ్ ముందు సత్నామీ యువకులు పంథీ ఆడుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను.

పంథీ మెల్లగా మొదలవుతుంది. మాందర్, ఝాంఝ్ వేగం పెంచేకొద్దీ అడుగులూ పెరుగుతాయి. చివరికి కాళ్లు కంటికి ఆనవు. ఆ పాటకు ప్రాణమే ఆ పెరుగుదల.

హాస్టల్‌కి వచ్చాక ఆ రికార్డింగులను పాటల వేగం లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చాను. పాటకొక అంకె చొప్పున ఇచ్చింది. ఒక పాటకి 118 అంది. స్టాప్‌వాచ్ పెట్టి నేను లెక్కేస్తే మొదట్లో నిమిషానికి 80 దెబ్బలు, చివర్లో 160. మాందర్ వాయించిన కుర్రాడికి ఫోన్ చేసి చెబితే, "118 అంటే పాటలో ఏ చోట భయ్యా?" అన్నాడు. సెమినార్‌లో మాత్రం ఒక పెద్దమనిషి "రికార్డింగ్‌లో రొద ఎక్కువ" అని తేల్చేశారు. రొద! డప్పు కొట్టే కులాలకు ఈ మాట కొత్తా?

ఈ సాఫ్ట్‌వేర్లు దెబ్బ పడిన చోటల్లా గుర్తుపెట్టి, ఏ వ్యవధి మళ్లీ మళ్లీ వస్తుందో వెతుకుతాయి. 60యా, 120యా అని సందేహం వస్తే చాలావాటికి ముందే నేర్పిన మొగ్గు 120 వైపు. పాటంతా ఒకే నడక అన్నది ఇంకో ఊహ. మారే వేగాన్ని పట్టే పద్ధతులు లేవా? ఉన్నాయి. గణితానికి కొరత లేదు.

కొరతల్లా ఎవరి పాటతో పరీక్షిస్తున్నారన్న దగ్గరే. ఏళ్లతరబడి పరిశోధకులు వాడిన జీటీజాన్ 2002 నాటిది. బ్లూస్ నుంచి రాక్ దాకా 10 రకాలు, 1000 ముక్కలు, ఒక్కోటి 30 సెకన్లు. 30 సెకన్లలో పంథీ ఇంకా ఒళ్లు కూడా విరుచుకోదు.

పడమటి పక్షపాతాన్ని సరిదిద్దాలని 2011లో బార్సిలోనాలో కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టు మొదలైంది. మంచి పనే. కానీ మన దేశం నుంచి అది తీసుకున్నవి హిందుస్తానీ, కర్ణాటక సంగీతాలు. మృదంగానికి తోలు బిగించే చేతులు ఎక్కువగా దళిత క్రైస్తవులవేనని టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్'లో రాశారు. ఆ చేతులు చేసిన మృదంగం డేటాసెట్‌లోకి వెళ్లింది. పరై, డప్పు, మాందర్ గడప బయటే ఉన్నాయి. ఊరికీ వాడకీ మధ్య గీత కంప్యూటర్లోకి ఇలాగే ఎక్కుతుంది.

"చావుడప్పు కొట్టమని మన తాతలు విసిరికొట్టారు, దాన్ని మళ్లీ యంత్రానికెందుకు మోస్తావు?" అని అంబేద్కరైట్ మిత్రులే అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. వాళ్లు వదిలింది వెట్టిని. నిప్పు సెగకు డప్పు కాచి, సిర్ర, సిటికెనపుల్లలతో దరువు మార్చే విద్య వెట్టి కాదు. ఆ దరువు ఎక్కడ మారుతుందో వాయించేవాడికి తెలుసు, నా గైడ్‌కి తెలీదు, నాకూ సగమే తెలుసు.

అందుకే "మమ్మల్నీ చేర్చుకోండి" అని ఎవరినీ బతిమాలను. దెబ్బ ఎక్కడుందో గుర్తుపెట్టే పని వాయించేవాళ్లే చేయాలి. దానికి కూలి కట్టాలి, పేపర్ మీద వాళ్ల పేరుండాలి, వద్దంటే రికార్డింగ్ చెరిపేయాలి. నా థీసిస్ నాలుగో అధ్యాయం ఉర్లా కుర్రాళ్లతో అలాగే చేయిస్తాను, ఫెలోషిప్ బకాయిలు ముందు చేతికొస్తే.