చట్టం ఇచ్చినా చేరని హక్కు

చట్టబద్ధమైన గర్భస్రావానికి 18 ఏళ్లు నిండిన యువతి సమ్మతి చాలునని, పెద్దల అనుమతి అక్కర్లేదని 1971 నాటి చట్టమే చెబుతోంది. 2021 సవరణ ఆమె వివరాల గోప్యతకు పూచీపడింది. ప్రత్యేక పరిస్థితుల్లో 24 వారాల వరకు ఉన్న వెసులుబాటును అవివాహితలకు నిరాకరించరాదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

అయినా విద్యార్థినులకు ఒరిగిందేమిటి? 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం 19 ఏళ్ల వయసుతోనే ఆగిపోతుంది. డిగ్రీ పూర్తికాకముందే ఆ ఆసరా తప్పుతుంది. అనేక కళాశాలల వైద్యశాలలు జ్వరానికి మాత్రలివ్వడంతో సరిపెడుతున్నాయి.

వారానికొకసారైనా వైద్యురాలి రాక, గర్భనిరోధక సలహాలు, అవసరమైతే ప్రభుత్వాసుపత్రికి గుట్టుగా పంపే ఏర్పాటు భారమైనవేమీ కావు. పరువు పేరిట విశ్వవిద్యాలయాలు మౌనం వహిస్తే ఆడపిల్లలు నాటువైద్యుల పాలవుతారు. చట్టం ఇచ్చిన హక్కును వారి ముంగిటికి చేర్చడం పాలకుల బాధ్యత.