పేరు కలిసినంత మాత్రాన మనిషి ఒక్కడేనా?

ఏ పట్టణపు రేషన్ జాబితాను తిరగేసినా షేక్, సయ్యద్, మహమ్మద్, పఠాన్ అనే పదాలు వందలు, వేల సంఖ్యలో కనిపిస్తాయి. ఒకే వ్యక్తి పేరు ఆధార్‌లో ‘మహమ్మద్’గా, రేషన్ కార్డులో ‘ఎం.డి.’గా, పాఠశాల ధ్రువపత్రంలో ‘ముహమ్మద్’గా ఉండటం మన ఇళ్లలో సర్వసాధారణం. ఇంట్లో ఇది పట్టించుకోదగ్గ విషయమే కాదు. కానీ కోట్లాది మంది వివరాలను ఒకచోట చేర్చే ప్రభుత్వ డేటాబేస్‌లో ఇదే అక్షరభేదం ఒక కుటుంబం నోటికాడి ముద్దను లాగివేయగలదు.

ఇది ఊహాజనితమైన భయం కాదు. తెలంగాణలో 2016లో కంప్యూటర్ పరిశీలన ఆధారంగా రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. రద్దుకు, ఆ ఆదేశానికి మధ్య దాదాపు ఆరేళ్లు గడిచాయి. వివిధ శాఖల రికార్డులను పేరు, చిరునామా వంటి పోలికలతో ఒకే వ్యక్తికి జతపరిచే ‘సమగ్ర వేదిక’ వ్యవస్థ రూపొందింది కూడా ఈ రాష్ట్రంలోనే.

బోగస్ కార్డులను ఏరివేయడం తప్పు కాదు. అవి నిజమైన పేదల వాటానే తినివేస్తాయి. మన అభ్యంతరం ఏరివేతపై కాదు, ఏరివేసే పద్ధతిపై. నూటికి తొంభైతొమ్మిది సార్లు సరిగ్గా పోల్చే యంత్రాన్ని ఎవరైనా మెచ్చుకుంటారు. అయితే కోటి రికార్డులపై ఆ మిగిలిన ఒక్క శాతం లక్ష తప్పులవుతుంది. డేటాబేస్ ఎంత పెద్దదైతే, దాన్ని నడిపేవారి జాగ్రత్త అంత పెరగవలసి ఉంటుంది.

ఆ జాగ్రత్తలు అసాధ్యమైనవేమీ కావు. మొదటిది, పేరును గుర్తింపుగా వాడరాదు. ప్రతి రికార్డుకు ఎన్నటికీ మారని ప్రత్యేక సంఖ్య ఉండాలి. పేరును మూలపత్రంలో ఉన్నది ఉన్నట్లుగానే భద్రపరచి, పోలిక కోసం సరిచేసిన రూపాన్ని వేరుగా ఉంచాలి. ‘షేక్’ను ఇంటిపేరుగా, ‘బేగం’ను అసలు పేరుగా భావించి లెక్కగట్టే యంత్రం ఇద్దరిని ఒక్కరిగా చేస్తుంది, ఒక్కరిని ఇద్దరిగానూ చేస్తుంది.

రెండవది, ఏ రికార్డునూ పూర్తిగా చెరిపివేయరాదు. రద్దు చేసినప్పుడు ఎవరు, ఎప్పుడు, ఏ కారణంతో చేశారో పక్కనే నమోదు కావాలి. పాత ప్రతులను దాచి ఉంచడమే కాదు, వాటి నుంచి సమాచారాన్ని తిరిగి రాబట్టగలమో లేదో తరచూ పరీక్షించి చూడాలి. పాత రికార్డే లేనప్పుడు న్యాయస్థానం పునరుద్ధరించమన్నా దేన్ని పునరుద్ధరిస్తారు?

మూడవది, అమలుకు ముందే కొన్ని వేల రికార్డులను మనుషుల చేత సరిచూపించాలి. ఆ నమూనాలో పాతబస్తీ వీధులు, తండాలు, వలస కూలీల వాడలు తప్పనిసరిగా ఉండాలి. మొత్తం మీద తప్పులు తక్కువే అని సరిపెట్టుకోరాదు. అవి ఏ వర్గంపై ఎక్కువగా పడుతున్నాయో విడిగా లెక్కించాలి.

నాల్గవది, అన్నిటికన్నా ముఖ్యమైనది: యంత్రం చూపిన పోలిక అనుమానం మాత్రమే, తీర్పు కాదు. నోటీసు ఇచ్చి, సంజాయిషీ విని, ఇంటికి వెళ్లి చూసిన తరువాతే రద్దు గురించి ఆలోచించాలి. ఆ కుటుంబం వాస్తవ స్థితి తేలేవరకు బియ్యం ఆగరాదు.

మన బాధ్యత కూడా కొంత ఉంది. పిల్లల పేర్లను జనన ధ్రువపత్రం మొదలుకొని అన్ని పత్రాల్లో ఒకే వర్ణక్రమంతో రాయించుకోవాలి. కార్డు రద్దయితే నోటిమాటతో వెనుదిరగక, కారణాన్ని లిఖితపూర్వకంగా అడగాలి. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి విన్నవించుకోవచ్చు. సమాచార హక్కు చట్టం కింద వివరాలు కోరవచ్చు. మస్జిద్ కమిటీలు, కార్యకర్తలు తమ బస్తీలో రద్దయిన కార్డుల జాబితాను తేదీలతో సహా రాసి ఉంచితే, ఒంటరి మొర సామూహిక సాక్ష్యంగా మారుతుంది.

జాబితాలో పేరు చేర్చేటప్పుడు పది పత్రాలు అడిగే ప్రభుత్వం, తొలగించేటప్పుడు కనీసం ఒక్కసారైనా ఆ ఇంటి తలుపు తట్టాలి. మనం అడుగుతున్నది దయ కాదు, ఆ పాటి న్యాయం మాత్రమే.