ఏడు చేపల్లో ఎండినవెన్ని?

పసిపిల్లలకు కథ చదివేటప్పుడు లెక్కల ఊసెత్తొద్దని, కథను కథలా వదిలేయమని కొందరు హితవు చెబుతుంటారు. వినడానికి సొంపుగానే ఉంటుంది. మన కథలు తెలిసినవాళ్లు అనవలసిన మాట మాత్రం కాదది. లెక్కను మనం తెచ్చి కథలో దూర్చనక్కర్లేదు. అది మొదటినుంచీ అక్కడే ఉంది.

ఏడు చేపల కథనే తీసుకోండి. రాజుగారి కొడుకులు ఏడుగురు, చేపలు ఏడు. తలా ఒకటి. ఒకటి ఎండలేదు. మరి ఎండినవెన్ని? ఆ ఒక్క ప్రశ్నతో తీసివేత మొదలైపోయింది. చేప తర్వాత గడ్డిమేటు, ఆ తర్వాత ఆవు, ఆ తర్వాత పాలేరు... చివరికి కుట్టిన చీమ. ఇది వరుస. చీమ దగ్గర్నుంచి వెనక్కి చెప్పమంటే ఇంకా కష్టం, ఇంకా సరదా. పలకా బలపం అక్కర్లేదు.

ఈ చర్చలో ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. అమెరికా, బ్రిటన్, కెనడాల్లో పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన ఆరు అధ్యయనాల సమాచారాన్ని గ్రెగ్ డంకన్ బృందం 2007లో కలిపి చూసింది. బడిలో చేరేనాటికి పిల్లలకున్న ఏ నేర్పు వాళ్ల తర్వాతి చదువును అన్నిటికంటే ఎక్కువగా పట్టిచ్చింది? అక్షరాలు కాదు, బుద్ధిగా కూర్చోవడం అసలే కాదు. లెక్కలు. పైగా తొలినాటి లెక్కలు తర్వాతి పఠనాన్ని పట్టిచ్చినంతగా, తొలినాటి పఠనం తర్వాతి లెక్కలను పట్టివ్వలేదు. ‘ముందు చదవడం రానివ్వండి, లెక్కలదేముంది’ అనేవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవాలి.

మన విధానకర్తలు చదివినట్టు లేదు. 2021లో వచ్చిన నిపుణ్ భారత్ చదువునూ లెక్కనూ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. ఆర్నెల్లు తిరగకుండానే, 2022 జనవరిలో, వంద రోజుల పఠన ఉద్యమం మొదలైంది. ఆ పేరులో పఠనం ఉంది, లెక్క లేదు. 2024 అసర్ నివేదిక ప్రకారం గ్రామీణ ప్రాంతాల్లో మూడో తరగతిలో తీసివేత చేయగలిగినవాళ్లు 33.7 శాతం. అంటే ముగ్గురిలో ఇద్దరికి రాదు. అయినా 2007లో కలిపి చూసిన ఆ ఆరు అధ్యయనాల మాట ఏ వేదిక మీదా వినిపించదు.

అవి పరాయి దేశాల పిల్లల లెక్కలని, పట్టివ్వడం వేరు, కారణం కావడం వేరని అంటారు. నిజమే. అయితే నెదర్లాండ్స్‌లో కిండర్‌గార్టెన్ పిల్లలకు మూడు నెలల్లో 24 బొమ్మల పుస్తకాలు చదివి వినిపిస్తే, మామూలుగా సాగిన తరగతుల పిల్లలకంటే వాళ్లు లెక్కల్లో ఎక్కువ ముందుకెళ్లారు. పేజీకో పరీక్ష పెట్టి కథను చంపే పెద్దలున్న మాటా నిజమే. రెండుమూడు చోట్ల ఆగి అడగమంటున్నాం, అంతే.

తల్లిదండ్రుల సంగతి మరోటి. ఎల్‌కేజీ పిల్లకు అబాకస్ ఫీజు కడతారు. చుట్టాలొస్తే వంద వరకు ‘వన్, టూ, త్రీ’ గడగడా చెప్పిస్తారు. ఆ పిల్లనే అయిదు చింతపిక్కలు ఇమ్మనండి, గుప్పెడు తీసి చేతిలో పోయొచ్చు. ఆమెకు వచ్చింది పాట, లెక్క కాదు. అయిదంటే ఎంతో తెలియడానికి ఫీజు అక్కర్లేదు. పక్కన కూర్చుని కథ చెప్పే మనిషి కావాలి.

మూడో తరగతి పిల్లాడికి తీసివేత ఎందుకు రాలేదని అధికారిని అడగండి, మాస్టారు చెప్పలేదంటాడు. మాస్టారు అంగన్‌వాడీ వైపు చూస్తాడు. అంగన్‌వాడీ ఇంటివైపు చూపిస్తుంది. ఇల్లు మళ్లీ బడినే చూపిస్తుంది. కథలో చివరికి చీమైనా కుట్టింది తానేనని ఒప్పుకుంది. మన దగ్గర ఒప్పుకునే చీమ కూడా లేదు.