చర్చి రిజిష్టరు కూడా ఆరోగ్య పత్రమే



వార్డులో చేరిన ప్రతి రోగికి మేము కేసు షీటు రాస్తాము. పేరు, వయస్సు, ఊరు, బాధ, ఇదివరకు వాడిన మందులు రాసిన తరువాత "కుటుంబంలో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నదా?" అనే కాలమ్ వస్తుంది. మిగతావన్నీ నిండుతాయి గాని ఈ ఒక్క కాలమ్ చాలాసార్లు ఖాళీగా ఉండిపోతుంది. తండ్రి ఏ జబ్బుతో పోయారని అడిగితే "కాళ్ళు ఉబ్బిపోయి పోనాడు సిస్టరమ్మా" అంటారు. ఏ వయస్సులో అంటే "పెద్ద వయస్సేటీ కాదు" అంటారు. తాతగారి పేరు దగ్గర తడుముకుంటారు. నాయనమ్మ పుట్టింటివారి సంగతి అయితే ఇక చెప్పనక్కర లేదు.

ఇది రోగుల తప్పు కాదు. తెల్లవారితే జీడితోటకో, కొబ్బరితోటకో, వేటకో పోయే ఇండ్లలో తాతముత్తాతల చరిత్ర రాసి పెట్టే తీరిక ఎవరికి ఉంటుంది? అయితే మన ప్రాంతంలో కొన్ని కుటుంబాల సంగతులు ఎవరో ఒకరు రాసి పెట్టారు. అవి చర్చి బీరువాలలోను, పాస్టరు గారి ఇంటి ట్రంకు పెట్టెలలోను ఉన్నాయి. మా అభిప్రాయము ఇది: పాత చర్చి రిజిష్టర్లు వంశ గౌరవం కోసం చూసుకునే కాగితాలు మాత్రమే కావు, అవి ఆరోగ్య పత్రాలు కూడా. చెదలు తినక ముందే వాటిని కాపాడాలి. ఆ ఇంటివారు అడిగితే తెరచి చూపాలి. ఇతరులకు మూసి ఉంచాలి.

ఈ మాట ఇక్కడే ఎందుకు చెప్పవలసి వచ్చిందో మీకు తెలుసు. పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలలో షుగరు, బి.పి. లేని నడివయస్సు కూలీలకు కూడా మూత్రపిండాలు పాడవుతున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రము ప్రారంభమైనాయి. కాని ఈ జబ్బు ఎందుకు వస్తుందో ఇంకా తేలలేదు. నీరా, ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేయడమా, పురుగుమందులా, నొప్పి మాత్రలా, వంశపారంపర్యమా, ఇవన్నీ కలిసా? శ్రీలంకలోను, మధ్య అమెరికా చెరకు తోటలలోను ఇటువంటి జబ్బే ఉన్నది. అక్కడ కూడా ఇదే ప్రశ్న.

ఈ జబ్బు కొత్తదా, పాతదా అన్నది కూడా చెప్పడం కష్టమే. మన తాతల కాలంలో పల్లెలో క్రియాటినిన్ పరీక్ష ఎక్కడ ఉన్నది? కాళ్ళు ఉబ్బి పోయినవాడు పోయాడు. ఒకే ఇంట్లో ముగ్గురికి వస్తే "వంశంలో ఉన్నది" అంటాము. కాని ఆ ముగ్గురూ ఒకే బావి నీళ్ళు తాగారు, ఒకే తోటలో పనిచేశారు. రక్తము నుండి వచ్చినదా, నేల నుండి వచ్చినదా అన్నది దీనినిబట్టి తేలదు. ఊరిలో ఉన్న అన్న, ఊరు విడిచిన తమ్ముడు, వేరే ఊరికి కాపురానికి వెళ్ళిన చెల్లెలు, ఈ ముగ్గురూ ఏ వయస్సులో ఎలా పోయారో తెలిస్తే కొంత వెలుగు వస్తుంది. చర్చి రిజిష్టరు బంధుత్వాన్ని, వలసను రెండింటినీ రాస్తుంది. దాని విలువ అక్కడే ఉన్నది.

మన ప్రాంతపు రిజిష్టర్ల వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. లండన్ మిషనరీ సొసైటీవారు 1805లో విశాఖపట్నం వచ్చారు. ఫ్రాన్సులోని అనెసీ నుండి కథోలిక గురువులు 1846లో వచ్చారు. కెనడా సముద్రతీర రాష్ట్రాల బాప్తిస్టులు ముందు సియాం వెళ్ళి, అక్కడి నుండి 1875లో తెలుగు ప్రాంతానికి వచ్చారు. శ్రీకాకుళం, బొబ్బిలి, భీమిలి, పర్లాకిమిడి, టెక్కలి ఒక్కొక్కటిగా వారి కేంద్రాలైనాయి. సోంపేట ఆసుపత్రిలో డాక్టర్ బెన్ గలిసన్ గారు చేసిన కంటి వైద్యము చూచి 1963లో కెనడాలో ఆపరేషన్ ఐసైట్ సంస్థ పుట్టిందని చాలామందికి తెలుసు. ఆ మిషనరీల ఉత్తరాలు, నివేదికలు ఈనాడు కెనడాలో నోవా స్కోషియాలోని అకేడియా విశ్వవిద్యాలయములోను, హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్‌లోను భద్రంగా ఉన్నాయి. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో మద్రాసు ప్రాంతపు చర్చి రిజిష్టర్ల నకళ్ళు 1698 నుండి ఉన్నాయి గాని వాటిలో ఎక్కువ భాగం దొరల కుటుంబాలవే. మన తాతమ్మల పేర్లు వెదకాలంటే ముందు మన ఊరి సంఘపు రిజిష్టరే చూడాలి.

చూసేవారు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, బాప్తిస్మపు తేదీ అన్ని సంఘాలలోను పుట్టిన తేదీకి దగ్గరగా ఉండదు. కథోలికులు, లూథరన్లు, ఆంగ్లికన్లు పసిబిడ్డలకు బాప్తిస్మమిస్తారు గనుక ఆ రిజిష్టరులో పుట్టిన తేదీ కూడా దొరకవచ్చు. బాప్తిస్టులు విశ్వసించినవారికే ఇస్తారు. అక్కడ కనిపించే తేదీ పదునాలుగేళ్ళ పిల్లదీ కావచ్చు, అరువది యేండ్ల ముసలమ్మదీ కావచ్చు.

రెండవది, పేర్లు. ఇంట్లో అప్పలమ్మ, రిజిష్టరులో మార్త. ఇంట్లో సింహాచలం, రిజిష్టరులో సీమోను. కనుక ఒక్క పేరు పట్టుకుని వెదకితే దొరకదు. ఇంటిపేరు, ఊరు, తండ్రి పేరు, భర్త పేరు నాలుగూ కలిపి చూడాలి.

మూడవది, ఊళ్ళ లెక్క. టెక్కలి, శ్రీకాకుళం ఒకప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు గంజాం విడిపోయి, మన వైపు విశాఖపట్నం జిల్లాలో కలిసింది. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది. కనుక పాత కాగితాలలో శ్రీకాకుళం జిల్లా అని వెదకితే ఏమీ కనబడదు. గంజాం, చికాకోల్ అని చూడాలి. పర్లాకిమిడి ఒరిస్సాకు వెళ్ళినందున ఒకే వంశపు రిజిష్టర్లు రెండు రాష్ట్రాలలో ఉండవచ్చు.

నాలుగవది, బర్మా. గోపాలపూర్, కళింగపట్నం, విశాఖ రేవుల నుండి మన తీరపువారు వేలాదిగా రంగూన్ వెళ్ళారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువారు లక్షకు పైగా ఉన్నారు. శ్రీకాకుళంలో పనిచేసిన ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు 1880లలో రంగూన్ వెళ్ళి అక్కడి తెలుగు, తమిళ కూలీల మధ్య పనిచేశారు. సంఘము మారినవారికి కాపరి బదిలీ ఉత్తరం రాసి ఇచ్చే అలవాటు ఉండేది. సభ్యుల పట్టికలో "రంగూన్ వెళ్ళెను" అన్న ఒక్క మాట దొరికితే తెగిన కొమ్మ తిరిగి అతుకుతుంది. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు, 1964 తరువాత మళ్ళీ, ప్రాణాలతో తిరిగివచ్చినవారు వెంట కాగితాలు తెచ్చుకోలేకపోయారు. ఆ కుటుంబాలకు ఇక్కడి రిజిష్టరే ఆధారము.

రిజిష్టర్ల నుండి వైద్యానికి మేలు కలుగుతుందా అని అడిగేవారికి రెండు ఉదాహరణలు చెబుతాము. స్వీడన్‌లో 1749 నుండి చర్చి కాపరులు మరణాలను కారణాలతో సహా లెక్క రాసి ప్రభుత్వానికి పంపారు. కెనడా క్విబెక్ రాష్ట్రంలోని సగెనే ప్రాంతంలో పిల్లల కాలేయాన్ని పాడుచేసే టైరొసినీమియా జబ్బు ఎక్కువ. అక్కడి పరిశోధకులు 1970లలో పాత చర్చి రిజిష్టర్లను కంప్యూటరులో జతపరచడం మొదలుపెట్టారు. అటువంటి జబ్బులున్న కుటుంబాలు 17వ శతాబ్దంలో ఫ్రాన్సు నుండి వచ్చిన వలసదారుల వరకు ఎలా కలుస్తున్నాయో దానివలన చూడగలిగారు. మనలో మేనరికాలు ఎక్కువ. ఎన్ని తరాలుగా మేనరికము నడిచిందో పెండ్లి రిజిష్టరు చూస్తే తెలుస్తుంది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం పెట్టిన పెండ్లి రిజిష్టరు నమూనాలో వయస్సు, వృత్తి, నివాసము, తండ్రి పేరు కాలములు ఉన్నాయి.

అయితే రిజిష్టరు డాక్టరు కాదు. "ఉబ్బు" అని రాసి ఉంటే అది మూత్రపిండాల జబ్బే అనుకోరాదు. గుండె జబ్బు, కాలేయపు జబ్బు, రక్తహీనత, బెరిబెరి, ఏదైనా కావచ్చు. "జ్వరము" అన్న మాటకు అంతే లేదు. వయస్సులు 40, 50, 60 అని గుండుగుత్తగా రాసి ఉంటాయి. 1918 చివరలో ఒకే ఇంట్లో నలుగురు పోయినట్లు కనబడితే అది ఇన్‌ఫ్లుయెంజా కావచ్చు, వంశపు జబ్బు అని భయపడనక్కర లేదు. పైగా మన జిల్లాలో క్రైస్తవులు కొద్దిమందే. ఈ పుస్తకాలు ఉద్దానం మొత్తానికి సాక్ష్యము చెప్పలేవు. కాని ఒక ఇంటికి చెప్పగలవు. మా వార్డుకు వచ్చేది ఒక్కొక్క ఇల్లే గదా.

ఇక భయము సంగతి. రిజిష్టరు తెరవడం కొందరికి ఇష్టముండదు. ఆ అయిష్టానికి కారణము ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారము షెడ్యూల్డు కులాల హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే ఉన్నది. క్రైస్తవులైన దళితులను మన రాష్ట్రంలో బి.సి.-సి గా లెక్కిస్తారు. తాతగారి బాప్తిస్మపు పేజీ రేపు మనుమడి ధృవపత్రానికి అడ్డము వస్తుందేమో అని ఒక తల్లి అడిగితే మేము నవ్వి కొట్టివేయలేము. అలాగే పాత రిజిష్టరులో ఒకరి పేరు ప్రక్కన కుష్ఠు అని రాసి ఉండవచ్చు. కుష్ఠు వంశపారంపర్యము కాదు, మందులతో నయమవుతుంది. అయినా ఆ మాట బయటికి పొక్కితే నేటికీ పెండ్లి సంబంధము చెడవచ్చు.

కనుక మేము కోరేది రిజిష్టర్లను నలుగురిలో పెట్టమని కాదు. ఆసుపత్రిలో కేసు షీటును ఎలా కాపాడతామో, చర్చిలో రిజిష్టరును అలాగే కాపాడాలి. అడిగినవారు ఆ కుటుంబమువారే అని సంఘ పెద్దలు తెలుసుకుని, ఆ ఇంటి వరుసలు మాత్రమే చూపాలి. పేజీ మొత్తం సెల్‌ఫోనులో ఫొటో తీసి పంచుకోవడం మంచిది కాదు, ఎందుకంటే అదే పేజీలో పొరుగువారి వరుసలు కూడా ఉంటాయి. సంఘము మాత్రము ప్రతి పేజీని ఒకసారి ఫొటో తీయించి, ఒక నకలు ఊరిలో, ఒకటి వేరే ఊరిలో దాచాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతాన్ని ఎలా ఊడ్చివేసిందో చూసినవారము, ఒకే చోట ఒకే పుస్తకము ఉంచడం క్షేమము కాదని వేరే చెప్పాలా?

క్రైస్తవులు కాని మా రోగులు "మాకు ఏ రిజిష్టరు ఉన్నదమ్మా?" అని అడగవచ్చు. 1984లో మునసబు, కరణాల వ్యవస్థ రద్దయ్యే వరకు ఊరి చావు పుట్టుకలు రాసినది గ్రామ మునసబు. ఆ తరువాతి మరణాల నమోదు 1969 చట్టము ప్రకారము పంచాయతీలలో, మునిసిపాలిటీలలో జరుగుతున్నది. గయ, హరిద్వార్ పండాల పుస్తకాలలో కొన్ని వంశాల పేర్లు తరతరాలుగా ఉన్నాయి. అన్నిటికంటె దగ్గర ఆధారము ఇంట్లోని ముసలమ్మ. ముందు ఆమెను అడగండి. పుస్తకము ఆగుతుంది, ఆమె ఆగలేరు.

ప్రతి ఇంటివారికి మా మనవి ఇది. ఒక నోటు పుస్తకములో మూడు తరాలు రాయండి. మీరు, మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. తరువాత అమ్మానాన్నలు, వారి తోబుట్టువులు. తరువాత తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ. ఒక్కొక్కరికి పేరు, పుట్టిన ఊరు, బ్రతికిన ఊరు, చేసిన పని, తాగిన నీరు, పోయిన వయస్సు, ఉన్న జబ్బు రాయండి. తెలియనిచోట తెలియదని రాయండి, ఊహించి రాయవద్దు. ఆడవారి పుట్టింటి పేరు మరువవద్దు. జబ్బులు తండ్రి వైపు నుండే రావు. ఆ పుస్తకము ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు తీసుకురండి.

మీ ఇంట్లో ఇద్దరికి మూత్రపిండాల జబ్బు ఉన్నట్లు తేలితే భయపడి కూర్చోవద్దు. ఒంట్లో బాగానే ఉన్నా యేడాదికొకసారి క్రియాటినిన్, మూత్రములో అల్బుమిన్, బి.పి. చూపించుకోండి. డాక్టరు రాయనిదే నొప్పి మాత్రలు కొని మింగవద్దు. ఎండలో పనికి వెళ్ళేటప్పుడు నీళ్ళు వెంట తీసుకువెళ్ళి, దాహము వేయక ముందే తాగుతుండండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆలస్యము చేయక రండి.

సంఘ పెద్దలకు, కాపరులకు మరొకసారి మనవి. ఈ వేసవిలో బీరువా తెరచి ఆ పుస్తకాలకు గాలి తగలనివ్వండి. తడిసిన పేజీలను ఎండలో కాక నీడలో ఆరబెట్టండి. సెల్లోటేపు అంటించవద్దు. పనికి మనుషులు చాలకపోతే మాకు కబురు చేయండి. మా నర్సింగు విద్యార్థినులు వచ్చి పేజీల లెక్క రాయడానికి సాయము చేస్తారు.